ఫ్రేజల్ వెర్బ్స్ బట్టీ పట్టకుండా నోటికి ఎక్కించుకోవడం ఎలా: నోట్సు రాయడం నుంచి మాట్లాడేదాకా

గెట్ అప్, పుట్ ఆఫ్ లాగా క్రియకి ఒక చిన్న మాట తోడై వేరే అర్థం ఇస్తే అది ఫ్రేజల్ వెర్బ్. వీటిని నేర్చుకోవాలనుకునే చాలామంది మొదట అడిగేది లిస్టు. ఐదొందలది, వెయ్యిది, పీడీఎఫ్ అయితే ఇంకా సంతోషం. ఆ పీడీఎఫ్ ఫోన్‌లో పడి ఉంటుంది, మూడో పేజీ దాటదు. ఎందుకంటే అందులో గెట్ అప్, గెట్ ఓవర్, గెట్ బై, గెట్ అవే అంటూ ఒకే మొహంతో ఇరవై వరుసగా నిలబడి ఉంటాయి, పదకొండోదానికి వచ్చేసరికి మొదటిది ఎగిరిపోతుంది.

ఇక్కడ చెప్పేది వేరే దారి. ఒక్కో ఫ్రేజల్ వెర్బ్‌ని ఒక్క అర్థంతో, పక్కన ఏ మాట వస్తుందో దానితో కలిపి, వాక్యంగా నేర్చుకోవడం. రోజుకి రెండు చాలు. నెమ్మదిగానే సాగుతుంది కానీ అవసరమైనప్పుడు నోట్లోంచి వస్తాయి.

## 1. ముందు ఇది అర్థం చేసుకోండి: మనకి ఇది కొత్తేం కాదు

రాసుకో, రాసెయ్, రాసిపెట్టు, రాసి పడేశాడు. నాలుగింట్లోనూ రాయడమే ఉంది, కానీ నాలుగూ ఒకటి కాదు. "ఫోన్ పెట్టేశాడు" అంటే ఫోన్‌ని ఎక్కడో పెట్టాడని మనకెవరికీ అనిపించదు, కాల్ ఆపేశాడనే తడుతుంది. తెలుగు కొత్తగా నేర్చుకునేవాళ్లకి పెట్టు, వేయు విడివిడిగా వివరించి చూడండి, జుట్టు పీక్కుంటారు.

ఇంగ్లీషులో అదే పని క్రియ వెనకాల వచ్చే చిన్న మాట చేస్తుంది: అప్, ఆఫ్, అవుట్, ఆన్, డౌన్. వ్యాకరణంలో దీన్ని పార్టికల్ అంటారు, నేను తోక అంటాను. రైట్ డౌన్ అంటే మరిచిపోకుండా రాసుకోవడం, రైట్ బ్యాక్ అంటే జవాబు రాయడం, రైట్ ఆఫ్ అంటే ఇక రాని బాకీని వదిలేసుకోవడం.

ఒకసారి నాతో పనిచేసే ఆయన "మై అలారం వెంట్ ఆఫ్ ఎట్ ఫైవ్" అన్నాడు. ఆఫ్ అన్నాడు కదా, అలారం ఆగిపోయిందనుకుని "అయ్యో, లేవడం లేటయిందా?" అన్నాను. ఆయన నన్ను వింతగా చూశాడు. అలారం వెంట్ ఆఫ్ అంటే మోగింది అని. అదే "ద లైట్స్ వెంట్ ఆఫ్" అంటే దీపాలు ఆరిపోయాయి. తోక ఒకటే, క్రియ ఒకటే, పక్కనున్న మాట మారితే అర్థం తిరగబడింది. అందుకే "గో ఆఫ్ = ?" అని రాసుకుని ఎదురుగా అర్థం నింపడం దండగ. "అలారం వెంట్ ఆఫ్" అని మొత్తం రాసుకోవాలి.

## 2. ముందుగా సిద్ధం చేసుకోవాల్సినవి

☐ ఒక నోట్‌బుక్. ఫోన్‌లో రాసుకున్నా సరే కానీ ఒకే చోట ఉండాలి.

☐ ఇంగ్లీషు నేర్చుకునేవాళ్ల కోసం తయారైన డిక్షనరీ ఒకటి. లాంగ్‌మన్, ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ మూడింటికీ ఆన్‌లైన్‌లో ఉచితంగా చూసుకునేవి ఉన్నాయి.

☐ వినడానికి ఏదైనా. యూగ్లిష్ అనే సైట్‌లో మాట టైప్ చేస్తే యూట్యూబ్ వీడియోల్లో జనం ఆ మాట అన్న చోట్లు వరసగా వినిపిస్తుంది.

☐ ఫోన్‌లో ఉండే వాయిస్ రికార్డర్.

డిక్షనరీ ఏది దొరికితే అది వాడొద్దు అనడానికి కారణం ఉంది. ఈ మూడింట్లో "పుట్ సంథింగ్ ఆఫ్" అనీ "లుక్ ఆఫ్టర్ సంబడీ" అనీ ఉంటుంది. సంథింగ్ మధ్యలో కూర్చుందంటే ఆ ఫ్రేజల్ వెర్బ్ విడిపోతుందని, చివర్లో ఉందంటే విడిపోదని అర్థం. లాంగ్‌మన్‌లో రెండు వైపులా ములుకులున్న బాణం గుర్తు కూడా కనబడుతుంది, అంటే కర్మ (పని దేని మీద జరుగుతుందో ఆ మాట) మధ్యలోనైనా చివరైనా రావచ్చని. ఈ ఒక్క విషయం తెలిస్తే సగం తప్పులు పోతాయి, దీని సంగతి నాలుగో అంశంలో.

## 3. ఏవి నేర్చుకోవాలో ఎంచుకోవడం

వేలల్లో ఉన్నాయని టెన్షన్ పడక్కర్లేదు. 2007లో గార్డ్‌నర్, డేవీస్ అనే ఇద్దరు పరిశోధకులు పెద్ద బ్రిటిష్ భాషా భాండాగారాన్ని, అంటే జనం నిజంగా రాసిన, మాట్లాడిన ఇంగ్లీషు సేకరణని, లెక్కగట్టి చూస్తే, అందులోని ఫ్రేజల్ వెర్బ్స్‌లో సగానికి పైగా కేవలం 20 క్రియలు, 8 తోకల కలయికలతోనే వచ్చాయని తేలింది. 2015లో గార్నియర్, ష్మిట్ బాగా వాడుకలో ఉన్న 150 ఫ్రేజల్ వెర్బ్స్ తీసుకుని, వాటి అర్థాల్లో నిజంగా తరచుగా వచ్చేవి మాత్రం ఏరితే 288 మిగిలాయి. అంటే ఒక్కోదానికి సుమారు రెండు అర్థాలు. రోజుకి రెండు చొప్పున ఐదు నెలల పని.

క్రియ వరసన నేర్చుకోకండి. టేక్ ఆఫ్, టేక్ ఓవర్, టేక్ ఇన్, టేక్ అప్ ఒకే రోజు కూర్చుని చదివితే రెండో రోజుకి ఒకదాని అర్థం ఇంకోదానికి అతుక్కుంటుంది. దానికి బదులు సందర్భం వరసన వెళ్లండి. వారానికి ఒక సందర్భం.

ఫోన్ మాటలతో మొదలుపెడితే తేలిక, అందరికీ పనికొస్తుంది:

- పిక్ అప్: ఫోన్ ఎత్తడం. మనం ఫోన్ లిఫ్ట్ చేయడం అంటాం, ఇంగ్లీషులో అది పిక్ అప్.
- హోల్డ్ ఆన్: కాస్త ఆగండి.
- పుట్ త్రూ: వేరే వాళ్లకి కలపడం. "కుడ్ యూ పుట్ మీ త్రూ టు ద మేనేజర్?"
- స్పీక్ అప్: గట్టిగా మాట్లాడటం.
- గెట్ కట్ ఆఫ్: మధ్యలో కాల్ తెగిపోవడం.
- కాల్ బ్యాక్: మళ్లీ మనమే చేయడం.
- హ్యాంగ్ అప్: ఫోన్ పెట్టేయడం.

ఈ ఏడూ ఒక కాల్‌లో జరిగే వరసలోనే ఉన్నాయి, అందుకే గుర్తుంటాయి. తర్వాతి వారాలకి ప్రయాణం, ఆఫీసు పని, మనుషులతో సంబంధాలు, కంప్యూటర్... మీ రోజు ఎలా గడుస్తుందో అలా.

## 4. కర్మ ఎక్కడ పెట్టాలి: అసలు చిక్కంతా ఇక్కడే

అర్థం తెలిసినవాళ్లు కూడా జారిపడేది ఇక్కడే, కాబట్టి దీనికి ఒక వారం కేటాయించినా నష్టం లేదు.

కర్మ అక్కర్లేనివి. "ద కార్ బ్రోక్ డౌన్." కారు పాడైంది, అంతే. మన కారు పాడైందని చెప్పడానికి "ఐ బ్రోక్ డౌన్ ద కార్" అనకూడదు. వేక్ అప్, హోల్డ్ ఆన్ కూడా మామూలుగా ఇలాగే నడుస్తాయి.

విడిపోయేవి. "టర్న్ ఆఫ్ ద లైట్" అనొచ్చు, "టర్న్ ద లైట్ ఆఫ్" అనొచ్చు. కానీ లైట్ బదులు ఇట్ వస్తే మాత్రం ఒకటే దారి: "టర్న్ ఇట్ ఆఫ్." "టర్న్ ఆఫ్ ఇట్" తప్పు. ఇట్, హిమ్, హర్, దెమ్, మీ, అస్ లాంటి సర్వనామం ఏదైనా మధ్యలోనే కూర్చోవాలి. పుట్ ఆఫ్, కాల్ ఆఫ్, పిక్ అప్, త్రో అవే, ఫిల్ ఇన్, గివ్ బ్యాక్, అన్నీ ఈ గుంపే.

విడిపోనివి. లుక్ ఆఫ్టర్, లుక్ ఇంటు, రన్ ఇంటు, కమ్ అక్రాస్, గెట్ ఓవర్. ఇక్కడ సర్వనామం కూడా చివరికే పోతుంది: "లుక్ ఆఫ్టర్ హిమ్." "లుక్ హిమ్ ఆఫ్టర్" అనేది లేదు.

మూడు ముక్కలవి. పుట్ అప్ విత్ అంటే భరించడం, రన్ అవుట్ ఆఫ్ అంటే అయిపోవడం, కమ్ అప్ విత్ అంటే కొత్త ఆలోచనో ఉపాయమో తట్టడం. ఇవి మామూలుగా విడిపోవు, కర్మ చివర్లోనే. "ఐ కాంట్ పుట్ అప్ విత్ ఇట్."

ఇంకో సంగతి. విడిపోయేవాటిలో కర్మ పొడుగ్గా ఉంటే మధ్యలో పెట్టకండి. "టర్న్ ద లైట్స్ దట్ యూ లెఫ్ట్ ఆన్ లాస్ట్ నైట్ ఆఫ్" అంటే వినేవాడు తోక కోసం ఎదురుచూస్తూ అలిసిపోతాడు. పొడుగు కర్మ అయితే క్రియ, తోక కలిసే ఉండాలి, పొట్టి కర్మ అయితే మీ ఇష్టం, సర్వనామం అయితే మధ్యలో.

మనవాళ్ల ప్రత్యేకమైన తప్పు కూడా ఇక్కడే పుడుతుంది. మనం "లైట్ ఆఫ్ చెయ్" అంటాం కదా, ఆ "చెయ్" వల్ల ఆఫ్ ఒక్కటే పనంతా చేస్తున్నట్టు అనిపిస్తుంది, దాంతో ఇంగ్లీషులో "ఆఫ్ ద లైట్, ఆన్ ద ఫ్యాన్" అనేస్తాం. ఆ వాడుకలో ఆఫ్ తోక మాత్రమే, దానికి ముందు టర్న్ గానీ స్విచ్ గానీ ఉండాల్సిందే.

## 5. నోట్సులో ఎలా రాసుకోవాలి

ఒక్కోదానికి ఐదు లైన్లు. పుట్ ఆఫ్‌తో చేసి చూపిస్తాను:

1. ఆకారం: పుట్ సంథింగ్ ఆఫ్ (మధ్యలో ఖాళీ, కాబట్టి విడిపోతుంది).
2. తెలుగులో: వాయిదా వేయడం. చేయాల్సినదాన్ని మనమే తర్వాతకి నెట్టడం.
3. పక్కన వచ్చే మాటలు: మీటింగ్, ట్రిప్, డిసిషన్. క్రియ వస్తే దానికి ఇంగ్ చేరుతుంది: పుట్ ఆఫ్ గోయింగ్, పుట్ ఆఫ్ కాలింగ్.
4. నా వాక్యం: "ఐ హావ్ బీన్ పుటింగ్ ఆఫ్ గోయింగ్ టు ద డెంటిస్ట్ సిన్స్ జనవరి."
5. సర్వనామంతో: "ఐ కాంట్ పుట్ ఇట్ ఆఫ్ ఎనీ లాంగర్."

నాలుగో లైన్ నిజం కావాలి. "రాము పుట్ ఆఫ్ ద మీటింగ్" అని రాస్తే ఆ రాము ఎవరో మీకే తెలియదు, రేపటికి గుర్తుండడు. డెంటిస్ట్ దగ్గరికి వెళ్లకుండా మీరే జనవరి నుంచి తప్పించుకుంటుంటే ఆ వాక్యం పంటిలాగే సలుపుతుంది.

ఐదో లైన్ ఎగ్గొట్టేవాళ్లు ఎక్కువ. అది రాయకపోతే అర్థం వచ్చినా మాట్లాడేటప్పుడు "పుట్ ఆఫ్ ఇట్" అనే వస్తుంది.

కింద ఇంకో లైన్ వదలండి, గందరగోళపడే జంట కోసం. పుట్ ఆఫ్ అంటే తర్వాత జరుగుతుంది, కాల్ ఆఫ్ అంటే ఇక జరగదు. పుట్ ఆఫ్‌కి విరక్తి పుట్టించడం అనే ఇంకో అర్థం కూడా ఉంది, కానీ అది ఎక్కడో ఒకచోట ఎదురయ్యేదాకా ఈ పేజీలో రాయకండి. ఎదురైన రోజు కొత్త పేజీ పెట్టండి.

## 6. తోకలకి అర్థం ఉంటుందా

కొంతమేరకు. మన "తినేయ్"లోని ఏయ్ లాగే అప్ చాలాసార్లు పని పూర్తయిందని చెబుతుంది: ఈట్ అప్, యూజ్ అప్, ఫిల్ అప్. ఇంకొన్నిసార్లు పెరగడం: స్పీక్ అప్, హర్రీ అప్. డౌన్ అయితే తగ్గడం: స్లో డౌన్, కామ్ డౌన్. ఆఫ్ అంటే విడిపోవడం, దూరం కావడం: కట్ ఆఫ్, సెట్ ఆఫ్. ఆన్ అంటే కొనసాగడం: క్యారీ ఆన్, గో ఆన్. ఓవర్ అంటే మొత్తం ఒకసారి చూడటం: గో ఓవర్, థింక్ ఓవర్.

దీన్ని గుర్తుపెట్టుకోవడానికి వాడండి, ఊహించడానికి వాడకండి. ఫారం నింపడానికి ఫిల్ ఇన్ అన్నా ఫిల్ అవుట్ అన్నా ఒకటే. ఇన్, అవుట్ ఎదురెదురు కదా, ఎలా అంటే ఏం చెప్పలేం. గివ్ అప్‌లో పైకి పోయేదేం లేదు.

## 7. చెవికి, నోటికి అలవాటు చేయడం

సినిమాలో ఫ్రేజల్ వెర్బ్స్ వినబడవు అనేవాళ్లు నిజానికి వాటిని వింటున్నారు, గుర్తుపట్టట్లేదు. "పిక్ ఇట్ అప్" మూడు మాటలుగా రాదు, "పికిటప్" అని ఒక్క మాటగా వస్తుంది. "టర్న్ ఇట్ ఆన్" అంటే "టర్నిటాన్". "లుక్డ్ అప్" అంటే "లుక్టప్". మనకి సంధులు కొత్తా? రాముడు, అతడు కలిస్తే రాముడతడు అయినట్టే ఇదీను.

ఒత్తు, అంటే ఏ మాటని నొక్కి పలుకుతామో అది కూడా చూసుకోండి. "టర్న్ ఇట్ ఆఫ్"లో ఒత్తు ఆఫ్ మీద పడుతుంది, టర్న్ మీద కాదు. "లుక్ ఆఫ్టర్ హిమ్" లాంటి వాటిలో క్రియ మీద పడుతుంది. రెండూ ఒకే రాగంలో చదివితే వినేవాళ్లకి పట్టడం కష్టం.

నామవాచకాలు ఇంకోరకం. లాగిన్, బ్యాకప్, సెటప్ అన్నప్పుడు అది ఒక్క మాట, ఒత్తు మొదట్లో. పని చేసేటప్పుడు మళ్లీ రెండు మాటలు: లాగ్ ఇన్, బ్యాక్ అప్, సెట్ అప్. కాలం మారితే మార్పు క్రియకే, తోకకి కాదు. అందుకే "లాగ్డ్ ఇన్" అనాలి, "లాగిన్డ్" అని లేదు.

## 8. రోజుకి పదిహేను నిమిషాలు

- మొదటి 5 నిమిషాలు: పాతవి. తెలుగు అర్థం చూసి ఇంగ్లీషు వాక్యం పైకి అనండి. ఇంగ్లీషు చూసి తెలుగు చెప్పడం సాధన కాదు, అది గుర్తుపట్టడం మాత్రమే.
- తర్వాతి 6 నిమిషాలు: రెండు కొత్తవి, ఐదేసి లైన్లు.
- చివరి 4 నిమిషాలు: ఆ రెండూ యూగ్లిష్‌లో మూడేసిసార్లు విని, వాళ్ల వేగంతోనే అనడం.

పాతవాటిని నేర్చుకున్న మర్నాడు, తర్వాత నాలుగో రోజు, ఎనిమిదో రోజు, పదహారో రోజు చూడండి. ఈ లెక్క పెట్టుకోవడం విసుగనిపిస్తే ఆంకీ అనే ఫ్లాష్‌కార్డుల యాప్ దానంతటదే గుర్తుచేస్తుంది. కార్డు మీద ఒంటరి మాట పెట్టకండి, ఖాళీ ఉన్న వాక్యం పెట్టండి: "మై అలారం వెంట్ ___ ఎట్ ఫైవ్."

ఇది కాక ఖర్చులేని పద్ధతి ఒకటుంది: చేస్తున్న పనిని మనసులో చెప్పుకోవడం. షూస్ వేసుకుంటూ "ఐయామ్ పుటింగ్ దెమ్ ఆన్", విప్పుతూ "ఐయామ్ టేకింగ్ దెమ్ ఆఫ్". కావాలనే షూస్ అనకుండా దెమ్ అనండి. పిచ్చిపనిలా ఉంటుంది, కానీ సర్వనామం మధ్యలోకి వెళ్లే అలవాటు నాకు ఇలాగే పట్టింది, వ్యాకరణం చదివి కాదు.

వారానికొకసారి రెండు నిమిషాలు ఫోన్‌లో రికార్డు చేసుకుని ఆ వారం మీకు జరిగిందే చెప్పండి, కనీసం ఐదు ఫ్రేజల్ వెర్బ్స్ పడాలి. మళ్లీ వినేటప్పుడు చూడాల్సింది రెండే: తోక సరైనదేనా, ఇట్ ఎక్కడ పడింది.

## 9. తరచూ జరిగే తప్పులు, వాటికి మందు

"కోప్ అప్ విత్." కోప్ విత్ చాలు, అప్ అక్కర్లేదు. కీప్ అప్ విత్ విని దీనికీ తగిలించేస్తాం. అలాగే రిటర్న్ బ్యాక్ కూడా. రిటర్న్‌లోనే బ్యాక్ ఉంది.

"లుకింగ్ ఫార్వర్డ్ టు మీట్ యూ." ఇక్కడ టు కూడా తోకే, కాబట్టి తర్వాత ఇంగ్ రావాలి: "లుకింగ్ ఫార్వర్డ్ టు మీటింగ్ యూ." అనుమానం వస్తే టు తర్వాత ఇట్ పెట్టి చూడండి. "లుకింగ్ ఫార్వర్డ్ టు ఇట్" బాగానే ఉంది కదా, అలాంటి చోట ఇంగ్ వస్తుంది.

బస్సు దిగడం, కారు దిగడం. మనకి రెండూ దిగడమే. ఇంగ్లీషులో బస్సు, రైలు అయితే గెట్ ఆఫ్, కారు అయితే గెట్ అవుట్ ఆఫ్. ఎక్కడానికి గెట్ ఆన్, గెట్ ఇన్. లోపల నిలబడి నడవగలిగేదానికి ఆన్, ఆఫ్ అని గుర్తుపెట్టుకుంటే చాలావరకు సరిపోతుంది.

వేర్, పుట్ ఆన్. వేసుకునే పని పుట్ ఆన్, ఒంటి మీద ఉండటం వేర్.

ఫైండ్, ఫైండ్ అవుట్. పోయిన తాళంచెవి దొరికితే ఫైండ్. రైలు ఎన్నింటికో కనుక్కుంటే ఫైండ్ అవుట్. తెలుగులో దొరకడం, కనుక్కోవడం వేరుగా ఉన్నాయి, అదే తేడా.

"ఐ పాస్డ్ అవుట్ ఇన్ 2020." చదువు పూర్తయిందని మన ఉద్దేశం, కానీ చాలాచోట్ల వినేవాళ్లకి మీరు స్పృహతప్పి పడిపోయినట్టు అర్థమవుతుంది. "ఐ గ్రాడ్యుయేటెడ్" అనండి.

అన్నిచోట్లా ఇవే వాడేయడం. నోటికొచ్చాక ఇది మొదలవుతుంది. నోటితో పుట్ ఆఫ్ బాగుంటుంది, ఆఫీసు నోటీసులో పోస్ట్‌పోన్ బాగుంటుంది. కాల్ ఆఫ్‌కి క్యాన్సిల్, పుట్ అప్ విత్‌కి టాలరేట్ అలాగే. అన్నీ అంతే అనుకోకండి, క్యారీ అవుట్ లాంటివి రిపోర్టుల్లోనే ఎక్కువ కనబడతాయి.

## 10. ఒక ఫ్రేజల్ వెర్బ్ వచ్చేసినట్టేనా

☐ తెలుగు వాక్యం వినగానే మూడు సెకన్లలో ఇంగ్లీషులో చెప్పగలుగుతున్నాను.

☐ ఇట్ లేదా దెమ్ పెట్టి తడుముకోకుండా అనగలుగుతున్నాను.

☐ భూతకాలంలో చెప్పగలుగుతున్నాను.

☐ మామూలు వేగంలో వింటే పట్టుకోగలుగుతున్నాను.

☐ ఈ వారంలో నా అవసరానికి ఒక్కసారైనా వాడాను.

నాలుగింటికి టిక్ పడితే దాన్ని పక్కన పెట్టేయండి. మూడుసార్లు తిరగేసినా రెండు టిక్కులు కూడా పడట్లేదంటే చాలావరకు లోపం జ్ఞాపకశక్తిలో ఉండదు, నాలుగో లైన్‌లో ఉంటుంది. ఆ వాక్యం కొట్టేసి నిన్నో మొన్నో మీకు నిజంగా జరిగినదానితో ఇంకోటి రాయండి. అలాంటి సందర్భమే మీ జీవితంలో తట్టకపోతే ఆ ఫ్రేజల్ వెర్బ్ మీకు ఇప్పుడు అవసరం లేదు, పేజీ చించేసి ఇంకోటి తీసుకోండి.